తారామణి తెల్లపొడి

కొట్లాటల తప్పు ఒప్పుకొని గెలిచిన మనిషిని నేను ఒక్క తారామణినే చూసిన.

నాచారంల మా గిర్ని మీద ఓ అర్ర ఉన్నది. గిర్నిల నేను మిర్చి, పసుపు, గోధుమలు పడుత. మీది అర్ర కిరాయికిస్త. ఆ పిల్ల అందుల దిగి ఇంకా కొన్నొద్దులే అయింది. ఎండకాలం. పక్కింటి రత్నకుమారి తన డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టుకున్నది. మా డాబాకు, ఆమె డాబాకు నడుమ ఓ పిట్టగోడ, గంతే. ఈ పిల్ల పొద్దుగాల తెల్లబట్ట ముక్కలు కొన్ని ఉతికి, సరిగ పిండకుంట పిట్టగోడ మీద ఆరేసి పోయింది. నీళ్లు కారి వడియాలు తడిసినయి.

సాయంత్రం ఈ పిల్ల బస్సు దిగి గల్లీల అడుగు పెట్టిందో లేదో, రత్నకుమారి కొంగు నడుముకు చెక్కింది. మా వాడకట్టుల నా నోటికి సరితూగే నోరు ఆమెదొక్కటే. నేను గిర్ని బంద్ చేసి మరీ బయటికొచ్చిన. గిర్ని చప్పుడుల కొట్లాట మంచిగ వినపడదు గద.

"ఏందమ్మా, కండ్లు నెత్తికెక్కినయా? కింద ఏమున్నదో చూడకుంట ఆరేస్తవా? గా బట్టలు నీయేనా కాదా?"

"నాయే అక్కా" అన్నది తారామణి.

"నీయి గాకపోతే ఎవరియి! పిండెటందుకు చేతులు పడిపోయినయా?"

"పిండలే అక్కా. బస్సు పోతదని ఉరికిన. నిన్న గూడ గట్లనే ఆరేసిన. నిన్న వడియాలు లేవు గనక బతికిన. మొన్న మీ తులసి కుండీల పడ్డ వెంట్రుకల ఉండ గూడ నాదే."

రత్నకుమారికి వెంట్రుకల సంగతి తెల్వనే తెల్వదు. "వెంట్రుకలా?"

"అవునక్కా. తల దువ్వుకొని గాలికి ఇడిచిన. మీ కోడలు తీసి పారేస్తుంటే చూసిన. సిగ్గయి చెప్పలే."

ఎదుటిమనిషి కాదంటెనే గద కొట్లాట. అవునవును అనేదానితోని ఎవతె కొట్లాడుతది? రత్నకుమారి పొద్దటిసంది కూడబెట్టుకున్న తిట్లన్ని నోట్లనే మిగిలిపోయినయి. అటు చూసింది, ఇటు చూసింది, నన్ను చూసి "నువ్వేం చూస్తున్నవ్, పిండి పట్టుకోరాదు?" అని ఇంట్లకు పోయింది. ఆ వడియాలు ఎండినంక ఓ గిన్నెడు తెచ్చి ఈ పిల్లకే ఇచ్చింది, "వేయించుకొని తిను, పో" అని. తిన్నది. తిని, పక్కింటికి పోయి, "మంచిగున్నయి అక్కా, కానీ జర సబ్బు వాసనొస్తున్నయి" అని అది గూడ చెప్పొచ్చింది.

అదిగో, గసుంటి మనిషి.

తారామణిది మౌలాలి. వాళ్ల నాయన ఉమాపతి రైల్వే షెడ్డుల ఫిట్టరు పని చేసి రిటైరయిండు. తల్లి పిల్ల కాలేజీల ఉండంగనే పోయింది. అన్నకు పెండ్లయి పిల్లలు పుట్టేసరికి ఆ రెండర్రల ఇల్లు అంగడి అయింది. చదువుకునే జాగ లేక మా మీది అర్రకొచ్చింది. ఉప్పల్ రోడ్డు మీద ఓ ల్యాబుల డాక్టరేటు చేస్తున్నది. సూది మందుల డాక్టరు గాదు, చదువుల డాక్టరు. వయసు ముప్పై దాటింది. పెండ్లి మాటెత్తితే, "చూడవచ్చినోళ్లకు నా గుణాలన్ని నేనే చెప్పేస్త పెద్దమ్మా, వాళ్లే లేచిపోతరు" అంటది. ఉత్తమాట గాదు. ఒకసారి వచ్చినోళ్లకు నిజంగనే చెప్పింది. చాయ్ గూడ తాగకుంట పోయిన్రు.

సాయంత్రం ఆమె వచ్చేటప్పటికి గిర్నిల జనం తగ్గుతరు. గోధుమ సంచి మీద కాళ్లు మడిచి కూసొని, నాతోని చాయ్ తాగుకుంట ఆనాటి పని చెప్తది. నాది మూడో తరగతి. అయినా సమజ్ గాకుంట తలకాయ ఊపే రకం గాదు నేను. "మళ్ల చెప్పు" అంట. ఆమె మళ్ల చెప్తది. ఇసుగు లేదు ఆ పిల్లకు.

ఆమె పని ఇది. ఇసుక జాతిదే ఓ తెల్లపొడి చేస్తది, మైదా కంటె మెత్తనిది. ఆ పొడిల రవ్వరవ్వకు కంటికి ఆనని తొర్రలుంటయట.

"గంత చిన్న తొర్రలు ఎవరు తొలిచిన్రే?" అని అడిగిన.

"ఎవరూ తొలవరు పెద్దమ్మా. సబ్బు లాంటిదొకటి పోస్తం. దాని చుట్టూ ఇసుక గట్టిపడుతది. తర్వాత కొలిమిల కాలిస్తే సబ్బు కాలిపోతది, దాని జాగ ఖాళీగ మిగులుతది."

"మట్టిగోడల కట్టెను చెదలు తింటే సందు మిగిలినట్టు."

"గంతే!"

ఆ తొర్రల్ల ఓ మందు దాస్తది. మారేడు బెరడుల ఉండే మందు. ఉత్తగ ఉంటే ఎండకు, గాలికి చెడిపోతదట. తొర్రల కూసుంటే పదిలంగ ఉండి, కడుపులకు పోయినంక నిదానంగ బయటికొస్తదని ఆశ. కానీ ఆ మందు నిజంగ తొర్ర లోపటికి పోయిందా, పొడి మీద ఉత్తగ అంటుకొని ఉన్నదా? ఏండ్లసంది ఈ పిల్ల తండ్లాటంత గా ఒక్క ముచ్చట తెలుసుకునేటందుకే. తొంగి చూద్దామంటే కన్ను పట్టే తొర్ర గాదు. అందుకని వెలుతురును పంపి అడిగిపిస్తది. ఊదారంగు వెలుతురు కొడితే ఆ మందు నీలంగ వెలుగుతది. ఆ వెలుగును మిషిను పట్టుకొని గీత గీస్తది. గీత నడుమ ఓ గుట్ట లేస్తది. ఫోన్ల చూపెట్టింది నాకు. అచ్చం మౌలాలి గుట్ట లెక్కనే ఉన్నది, మీద దర్గా లేదు గంతే.

"మందు ఒక్కటే అయినప్పుడు గుట్ట ఎందుకు మారుతది?"

"ఉన్న జాగను బట్టి మారుతది. నువ్వు గిర్నిల మాట్లాడినట్టు దవాఖానల మాట్లాడుతవా? మందు గూడ గంతే. నీళ్లల్ల ఒకతీరు వెలుగుతది, ఇరుకు తొర్రల ఒకతీరు."

"నేను దవాఖానల గూడ గిట్లనే మాట్లాడుత" అన్న. చాయ్ పొలమారేదాక నవ్వింది.

ఆమె పొడికి గుట్ట పక్కన ఇంకో చిన్న గుట్ట లేసింది. అట్ల ఇంకెవరికీ రాలేదట. మందు తొర్రల ఇరుకుగ కూసున్నదానికి ఆ పక్కగుట్టనే సాక్ష్యమని రాసింది. అది సైన్సు పత్రికల అచ్చయింది. ఆమెకు పని చెప్పే గిరిధర్ సార్ ల్యాబుల అందరికి మిఠాయి పంచిండు. నాకు గూడ ఓ డబ్బ వచ్చింది. రత్నకుమారికి చూపిచ్చుకుంట తిన్న.

ఇగ ఆ తెల్లబట్ట ముక్కల సంగతి. ల్యాబుల గాజు సామాను తుడిచెటందుకు, తడిపొడి ఆరబోసెటందుకు మెత్తటి కాయిదాలుంటయి. ఓసారి అవి నిండుకున్నయి. కొత్తయి తెప్పియ్యమంటే ఆఫీసోళ్లు ఇయ్యాల రేపు అన్నరు. అది విని ఉమాపతి తన పాత పంచెలు కత్తిరిచ్చి, అంచులు మడిచి కుట్టి పంపిండు. ఆయన పంచెల తెలుపు మౌలాలిల అందరికి తెలుసు. బతుకంత గ్రీజుల పనిచేసినోడు, ఇప్పుడు ఇంత మరక ఓర్వడు. భార్య పోయినంక తన బట్టలు ఇంకొకరి చేతికియ్యడు. టీవీల చూపెట్టే మెరుపు పౌడర్ల నానబెట్టి, ఉతికి, మళ్ల అదే పౌడర్ల ఓసారి ముంచి తీస్తడు. "నా బిడ్డది సున్నితం పని అక్కా, మైలబట్ట పనికిరాదు" అన్నడు నాతోని. ఆ పిల్ల గూడ నాయన చెప్పినట్టే, అదే పౌడరుతోని ఉతికి వాడుకుంట వచ్చింది. పొడిని స్పిరిటుతోని కడిగి, గాజు పళ్లెంల ఆ బట్ట పరిచి ఆరబోసేది. తెల్లగుంటే శుభ్రమనే గద మనమంత అనుకునేది.

ఓనాడు చాయ్ తాగుతుంటే విశాఖపట్నం నుంచి ఫోనొచ్చింది. గౌతమి అని, ఆడ చదువుకునే పిల్ల. తారామణి రాసింది చదివి అదే పని చేస్తున్నదట. గిర్ని చప్పుడుకు వినపడక స్పీకర్ల పెట్టింది తారామణి.

"అక్కా, ఎన్నిసార్లు చేసినా ఆ చిన్న పీకు రావట్లేదండీ. నీకు చేతకాదంటున్నారు మా సార్." పీకు అంటే గా పక్కగుట్టనే.

"పొడి మంచిగ కడుగుతున్నవా చెల్లే? గాజు సామాను శుభ్రంగ తుడుస్తున్నవా?"

"టిష్యూతో తుడుస్తానండీ."

"కాయిదం పోగులు అంటుతయేమో. ఉతికిన తెల్లబట్ట వాడి చూడు."

ఫోను పెట్టినంక, "ఆమెకెందుకు వస్తలేదు పెద్దమ్మా?" అన్నది.

"చెయ్యి గుణం" అన్న నేను. ఇద్దరం అదే నిజమనుకున్నం.

తర్వాత మా చెల్లె మనుమడు దుర్గేష్ పెండ్లి, చిలుకానగర్ల. ఉమాపతిని గూడ పిలిచినం, అప్పటికి సొంతమనిషి లెక్క అయిండు. కడక్ పంచె కట్టుకొని వచ్చిండు. పొద్దుగూకంగ బరాత్ మొదలయింది. డీజే బండికి ఊదారంగు లైట్లు పెట్టిన్రు. మసక పడుతుంటే ఆ లైటుల తెల్లబట్టలన్ని ట్యూబులైట్ల లెక్క వెలిగినయి. అందరికంటె ఎక్కువ ఉమాపతి పంచె.

"తాతా, పంచెల బల్బు పెట్టుకున్నవా?" అని పోరగాళ్లు చుట్టూ చేరిన్రు.

"నేనే ఉతికిన ర బయ్!" అని ఆయన సంబురంగ తీన్మార్ మొదలుపెట్టిండు.

తారామణి చప్పట్లు కొడుతున్నది. కొట్టుకుంట కొట్టుకుంట ఆగింది. చేతులు గాలిల గట్లనే నిలిచిపోయినయి.

"ఏమయిందే, కండ్లు తిరిగినయా?"

"పెద్దమ్మా, నాన్న పంచె ఏం రంగుల వెలుగుతున్నది?"

"నీలం. నాకు కండ్లున్నయి గద."

"నా పొడి గూడ గదే నీలం" అన్నది.

అప్పుడు నాకేం సమజ్ గాలే. మెరిస్తే మంచిదే గద అన్న. ఆమె పెండ్లి బువ్వ తినకుంట ఇంటికి పోయింది. నాయన ఎగురుతనే ఉండె, ఆయనకేం చెప్పలే.

తెల్లారి ల్యాబుకు పోయి ఓ బట్ట ముక్కను స్పిరిటుల నానబెట్టి, ఆ స్పిరిటును మిషిన్ల పెట్టింది. మారేడు మందు లేదు, తెల్లపొడి లేదు, ఉత్త బట్ట పులుసు. పక్కగుట్ట లేసింది. బట్టది గూడ గాదట అది, పౌడర్ది. బట్ట తెల్లగ కండ్లకు కొట్టాలని పౌడర్ల వెలిగే రంగొకటి కలుపుతరట. అది బట్టను పట్టుకొని, బట్టల నుంచి స్పిరిటులకు, స్పిరిటుల నుంచి పొడిలకు దిగింది. తొర్రలున్న పొడి గద, దొరికినదాన్నల్ల తాగింది.

సాయంత్రం సంచి మీద కూసొని ఇదంత చెప్పింది. ఏడ్వలే. చాయ్ తాగలే.

"మందు పెట్టని ఉత్త పొడిని గూడ పక్కన చూసుకోవాలె పెద్దమ్మా. గది మా పనిల రివాజు. నేను చూసిన, కానీ బట్ట రాకముందు చూసిన. బట్ట వచ్చినంక మళ్ల చూడలే. ఒక్కసారి చూస్తే బయటపడేది."

సార్ కంటె ముందు ఆమె గౌతమికి ఫోను చేసింది. "చెల్లే, నీ పని సరిగ్గనే ఉన్నది. నాదే తప్పు. మీ సార్ నంబరియ్యి, నేనే చెప్త."

 స్పీకర్ల గౌతమి సన్నగ, "నా చేతులే మంచివి కావనుకున్నానక్కా ఇన్నాళ్లూ" అన్నది. చేతిగుణం మాట అన్నదాన్ని నేనే గద, తల తిప్పుకొని జల్లెడ పట్టిన.

ఆ పత్రికోళ్లకు మా రాతల తప్పున్నదని రాసింది తారామణి. మళ్ల మొదటినుంచి పని మొదలుపెట్టింది. బట్ట లేదు, కాయిదం లేదు, గాజు మీద గాజు. ఆదివారం లేదు, పండుగ లేదు. పక్కగుట్ట పోయింది. అసలు గుట్ట మిగిలింది, కానీ పొట్టిది. ఎంత కడిగినా పోలే. అంటే మందు తొర్రల్లనే ఉన్నది, కానీ ఆమె ముందుగాల చెప్పినంత లేదు. బస్తా నిండుగున్నదనుకొని విప్పితే అడుగున ఇంత ఉన్నట్టు. ఉన్నది మాత్రం అసలు గింజనే.

అన్నోజిగూడ దాటినంక ఓ కాలేజీల ఆమెకు లెక్చరర్ పని చెప్పి పెట్టిన్రు. డాక్టరేటు చేతికొస్తేనే పని. జూన్ల కాలేజీ తెరిచేలోపట రావాలె. వైవా అని ఒకటుంటది. బయటినుంచి వచ్చిన పెద్దమనిషి ముందట, అందరి ముందట నిలబడి చేసినదంత చెప్పాలె. ఆయన సరే అంటే డాక్టరేటు. సాలదంటే మళ్ల ఏడాది.

వైవా దగ్గరపడ్డనాడు గిరిధర్ సారే మా గల్లీకి వచ్చిండు. నేను మిర్చి పడుతున్న. ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని గిర్ని ముందట నిలబడ్డడు. తారామణి ఉరికొచ్చింది.

"చూడు తారామణీ, కొత్తగా చేసింది చాలు, మంచి పని. అదే చూపించు" అని తుమ్మిండు. "పాతది తప్పని పత్రికకు రాశాం కదా. వైవాలో ఎందుకు ఎత్తుకోవడం? వచ్చే ఆయన చాలా కచ్చితం మనిషి" అని మళ్ల తుమ్మిండు. "పునాదే అనుమానం, ఇంకో ఏడాది చెయ్యమంటే? జూన్ పోతుంది."

"అనొచ్చు సార్. కానీ అచ్చయినప్పుడు నా పేరు ముందల రాసుకున్న గద. చదివినోళ్లు ఇంకా ఎంతమంది చేతులు బాగలేవనుకుంటున్నరో."

ఆయన చెడ్డోడు గాదు. ఆ పిల్ల ఫికర్ తోనే అంత ఘాటుల నిలబడ్డడు. అయినా నా నోరు ఊకోదు.

"సారూ, ఇన్నేండ్లసంది చూస్తున్నవ్, తెల్వదా నీకు? పుణ్యానికి పెట్టిన వడియాలు తిని సబ్బు వాసనొస్తున్నయని చెప్పొచ్చిన మనిషి ఈమె. ఈమెతోని దాపిచ్చుడు నీతోని గాదు. లోపటికొచ్చి కూసో, నీళ్లు తాగు."

ఆయన తుమ్ముకుంటనే నవ్విండు. నీళ్లు తాగిండు. "సరే, చెప్పాలంటే మొదట్లోనే చెప్పు. చివరిదాకా దాచి చెప్తే ఇంకా చెడ్డగా ఉంటుంది. నేను పక్కనే ఉంటాను" అని పోయిండు. పోయేటప్పుడు కండ్లు తుడుచుకున్నడు. మిర్చి అనే అనుకుంటున్న.

ఇగ ఉమాపతి. బిడ్డ ఆయనకు గూడ దాయలే. చెప్పంగనే ముందు నవ్విండట, "నా పంచె మిషిన్ల గూడ మెరిసిందా?" అని. తర్వాత లెక్క సమజయింది. వారం అయినంక మా గిర్నికి వచ్చిండు, మట్టిరంగు ప్యాంటు తొడుక్కొని. తెల్లబట్ట లేని ఉమాపతిని నేను చూసుడు గదే మొదలు.

"అక్కా, నా చేతులతోని నా బిడ్డ చదువు మీద సబ్బునీళ్లు పోసిన."

"నోరు ముయ్యి తమ్మీ. ఉతికిచ్చినవ్. పొడి ఆరబొయ్యమని నువ్వు చెప్పినవా?"

"తెల్లగుంటే మంచిదనుకున్న."

"లోకమంత గట్లనే అనుకుంటున్నది. నీ ఒక్కనికే శిక్షనా? పో, పంచె కట్టుకో పో. ఈ ప్యాంటుల టికెట్ కలెక్టర్ లెక్క కొడుతున్నవ్."

నవ్వలే. "వైవాకు నేను గూడ వస్త" అన్నడు. ఎందుకో చెప్పలే. మొఖం చూస్తే మాత్రం ఏదో నిర్ణయం చేసుకున్నట్టే ఉండె.

రేపే వైవా. ఇయ్యాల సాయంత్రం తారామణి దిగొచ్చింది. రేపు కట్టుకునే చీర నాకు చూపెట్టింది. ముదురు ఆకుపచ్చది, మంచిగున్నది. ఇస్త్రీ జర తేడా ఉన్నదని చెప్పిన. మళ్ల చేసుకొచ్చింది. తర్వాత సంచి మీద కూసున్నది.

"పెద్దమ్మా, రేపు నువ్వు రావాలె."

"నేనెందుకు? అంత ఇంగ్లీషేనాయె. రత్నకుమారిని తోలుక పో, సమజ్ గాకున్నా తలకాయ ఊపుతది."

"సమజ్ గావాలని గాదు. నాన్న పక్కన కూసోవాలె నువ్వు." చాయ్ గ్లాసు రెండు చేతులల్ల పట్టుకున్నది. "మొదట్లనే బట్ట ఫోటో చూపెడుత. అంచు కుట్టు చూసి నాన్న గుర్తుపడుతడు. లేచి నిలబడుతడు పెద్దమ్మా, నాకు తెలుసు. అందరి ముందల 'తప్పు నాది సార్, నేనే ఉతికిన, నా బిడ్డను ఏమనొద్దు' అంటడు. అందుకే వస్త అంటున్నడు. గట్ల అంటే వాళ్లు నా తప్పు ఆయనకు కట్టి, పాపమని నన్ను పాస్ చేస్తరేమో. నాకు గట్ల వద్దు. మళ్ల ఏడాది చెయ్యమంటే చేస్త. కానీ నేను చెయ్యని పని ఒకటున్నది, చూడకుండ ఇడిచిపెట్టింది ఒకటున్నది, అది నా నోటితోని నేనే చెప్పాలె."

"సరే, ఏం చెయ్యాలె చెప్పు."

"ఫోటో రాంగనే ఆయన చెయ్యి పట్టుకో."

"గుంజుకుంటే? షెడ్డుల పనిచేసిన చెయ్యి."

"నువ్వు బస్తాలు లేపిన చెయ్యి గద. గట్టిగ పట్టుకో. లేవనియ్యకు. నేను చెప్పుడు అయిపోయేదాక ఇడువకు."